పదిహేడేళ్ల పిల్ల, ఫారం 6

ఆదివారం. పండక్కి చేసిన మురుకులు డబ్బా అడుగున ఇంకా మిగిలున్నాయి. అవే పొట్లం కట్టుకుని మధ్యాహ్నం తిరుపతి కొర్లగుంటలో మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. కాలేజీవాళ్లు దయతలచి ఒక పూట సెలవిచ్చారట.

నేను వెళ్లింది ఓటు పని మీద. పిల్లకు ఈ ఆగస్టులో పద్దెనిమిది నిండుతాయి. దరఖాస్తు మాత్రం ఇప్పుడే పెట్టించాలని నా పట్టు. 2022 నుంచి పదిహేడు నిండినవాళ్లు కొత్త ఓటరు నమోదు దరఖాస్తు, అంటే ఫారం 6, ముందుగానే ఇవ్వవచ్చు. అంతకుముందు అర్హతకు జనవరి 1 ఒక్కటే తేదీ. జనవరి 2న పుట్టినవాళ్లు పద్దెనిమిది నిండాక కూడా ఏడాదంతా కూర్చోవలసిందే. ఇప్పుడు ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 కూడా చేర్చారు కాబట్టి మా పిల్ల పేరు అక్టోబరు లెక్కలోకి వస్తుంది.

“తొందరేముంది వదినా? అసెంబ్లీ ఎన్నికలు 2029లో కదా!” అన్నాడు మరిది, పేపరు వెనక నుంచి.

ఎన్నికలకు తొందర లేదు, నిజమే. పిల్లకు ఉంది. జూన్ దాటితే చెన్నైలోనో వేలూరులోనో హాస్టల్లో ఉంటుంది. పద్దెనిమిదో పుట్టినరోజు కూడా అక్కడే. టెన్త్ మెమో, ఆధార్, కరెంటు బిల్లు ఒకే బీరువాలో, పిల్ల కూడా అదే ఇంట్లో ఉండేది ఈ ఒక్క ఏడాదే. మా మేనల్లుడు బెంగళూరు వెళ్లాక ‘వచ్చే సెలవుల్లో, వచ్చే సెలవుల్లో’ అంటూనే ఉన్నాడు. 2024 మే 13న పోలింగుకని రాత్రంతా బస్సులో నిలబడి వచ్చాడు, జాబితాలో పేరే లేదు. జనవరి 25న కాలేజీల్లో చేతులు చాపించి ఓటరు ప్రతిజ్ఞ చేయిస్తారు గాని, ఆ చేతుల్లో తలా ఒక ఫారం పెట్టరు. నన్నడిగితే ప్రతిజ్ఞ మానేసినా ఫరవాలేదు.

నాకు పందొమ్మిదేళ్లప్పుడు, 1989 మార్చిలో, ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. ఆ నవంబరులోనే ఓటేశాను. కాలిఫోర్నియాలో పదహారేళ్లకే ముందస్తు నమోదు ఉంది. పద్దెనిమిది నిండగానే పేరు దానంతటదే జాబితాలోకి వెళుతుంది. మనం అంత దూరం పోనక్కర్లేదు, ఉన్న వెసులుబాటును వాడుకుంటే చాలు.

ఫారం నింపడానికి గంట పట్టింది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో వెనకుంది. ఏది రాయాలో తేలేసరికి కాఫీలు చల్లారాయి. తర్వాత సంతకం. పిల్లకు ఇంకా స్థిరమైన సంతకం లేదు. పేపరు అంచు మీద ఏడెనిమిది రకాలు గీసి, చివరి అక్షరం కింద తోకలా సాగేదాన్ని ఎంచుకుంది. “పెద్దమ్మా, ఇది బ్యాంకులో కూడా ఇలాగే పెట్టాలా?” అని దిగులుగా అడిగింది.

ఇదే చిరునామాలో ఓటున్న కుటుంబ సభ్యుల కార్డు నంబరు అడిగిన చోట అసలు సంగతి బయటపడింది. తిరుపతికి వచ్చినప్పుడే చెల్లెలు తన ఓటు మార్పించుకుంది. మరిది ఓటు ఇంకా పుత్తూరులోనే ఉంది! “అక్కడ నన్ను అందరూ ఎరుగుదురు” అన్నాడు. పిల్ల వాళ్లమ్మ నంబరు రాసేసి, కింద ఉన్న హామీ పత్రం పైకి చదివింది. తప్పుడు సమాచారం ఇస్తే ఏడాది దాకా జైలు అన్న చోట గొంతు కొంచెం పెంచింది.

ఫారాలు తీసుకునే బీఎల్‌ఓ, అంటే బూత్ స్థాయి అధికారి, అదే వీధి అంగన్‌వాడీ టీచరు. ఫారం తిప్పి చూసి, “ఇప్పుడు తీసుకుంటానమ్మా, పేరు మాత్రం అక్టోబరు తర్వాతే వస్తుంది” అని రసీదు చింపి ఇచ్చింది. హాస్టల్‌కు వెళ్లినా ఇంటి చిరునామాతోనే ఓటు ఉంచుకోవచ్చా అని అడిగితే, విద్యార్థులు ఇల్లయినా హాస్టలయినా ఏదో ఒకటి ఎంచుకోవచ్చంది. రెండు చోట్లా మాత్రం కుదరదు.

పిల్ల అక్కడే ఫారం 8 కూడా ఒకటి అడిగి తీసుకుంది, చిరునామా మార్పుకు. ఇంటికి రాగానే వాళ్ల నాన్న పేపరు మీద పెట్టింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, “పుత్తూరులో ఒక మాట చెప్పి వచ్చాక చూద్దాం” అన్నాడు.