ఒక కామా తెచ్చిన తంటా

“డబ్ల్యూఎస్‌డీఎల్ చదివావా, లేదా?” జర్మనీలో, మా స్టుట్‌గార్ట్ ఆఫీసులో ఎనిమిది మంది ముందు మా సీనియర్ అడిగిన మాట ఇది. (డబ్ల్యూఎస్‌డీఎల్ అంటే ఒక సర్వీసుకి ఏం పంపాలో, ఏ రూపంలో పంపాలో చెప్పే ఫైలు.) గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదేమో.

తప్పు నాదే. గోడౌన్‌లో వాడే విండోస్ అప్లికేషన్ నుంచి కొరియర్ వాళ్ళ సోప్ సర్వీసుకి పార్శిల్ బరువు పంపాలి. సోప్ అంటే ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి ఎక్స్‌ఎంఎల్‌లో, అంటే ట్యాగుల మధ్య డేటా పెట్టిన టెక్స్ట్‌లో, మాట్లాడుకునే పద్ధతి. విజువల్ స్టూడియోలో సర్వీస్ రిఫరెన్స్ పెట్టుకుంటే, డబ్ల్యూఎస్‌డీఎల్ చూసి ప్రాక్సీ క్లాసులు, అంటే ఆ ఎక్స్‌ఎంఎల్ కట్టి పంపే కోడ్, అదే రాసిపెడుతుంది. నేనేమో తొందరలో స్ట్రింగులు అతికించి ఎక్స్‌ఎంఎల్ చేత్తోనే కట్టేశాను. నా లాప్‌టాప్‌లో హాయిగా నడిచింది. గోడౌన్‌లో మొదటి పార్శిల్‌కే 500 ఎర్రర్, లోపల సోప్ ఫాల్ట్, అంటే సర్వీసు తిప్పి పంపిన తప్పు సందేశం.

పంపిన ఎక్స్‌ఎంఎల్ తెరిస్తే బరువు దగ్గర 12,50 అని ఉంది. నా విండోస్‌లో ఇంకా ఇండియా సెట్టింగులే, గోడౌన్‌లో జర్మన్‌వి. మనం 1,25,000 అని రాసేదాన్ని వీళ్ళు 125.000 అని రాస్తారు; దశాంశానికి కామా పెడతారు. అంకెని టెక్స్ట్‌గా మార్చే టూస్ట్రింగ్ ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి పాటే పాడుతుంది. సోప్ సర్వీసుకి మాత్రం ఎక్కడైనా చుక్కే కావాలి. ప్రాక్సీ అయితే ఆ చుక్క తనే పెట్టేది.

దిద్దడం ఎంతసేపు! మింగుడుపడనిది ఆ మాటే. పైగా మధ్యాహ్నం సీనియర్ “మాల్‌ట్సైట్” (ఇక్కడ భోజనాల వేళ పలకరింపు) అంటూ నా పక్కనే ప్లేటు పెట్టుకుని కూర్చుని, పాపకి జ్వరం తగ్గిందా అని అడిగాడు. గంట కిందట పరువు తీసిన మనిషేనా ఈయన? వీళ్ళకి పని వేరు, మనిషి వేరు అని నాలుగేళ్ళుగా వింటూనే ఉన్నాను. నాకు మాత్రం రెండూ ఒకటే.

మాదాపూర్‌లో ఉన్నప్పుడు మా లీడ్ అన్న, ఛాయ్‌కి పద అని కిందికి తీసుకెళ్ళి, సగం గ్లాసు అయ్యాకే అసలు సంగతి ఎత్తేవాడు. మీటింగులో నామీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. (ఆ ఛాయ్‌ల చలవతో కొన్ని బగ్గులు ఆర్నెల్లు బతికాయి, అది వేరే సంగతి.)

సాయంత్రం ఉండబట్టలేక అన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఓదారుస్తాడనుకున్నా. అంతా విని, “ఒరేయ్, డబ్ల్యూఎస్‌డీఎల్ చూడలేదారా నువ్వు?” అన్నాడు.

అదే ప్రశ్న. కానీ వెనకాల నుంచి వదిన, “ముందు భోంచేశాడేమో అడగండి,” అంటోంది.