గాలి మా అమ్మాయి ఇంటికి ఎప్పుడొస్తుంది: మిల్టన్ తుఫాను రోజుల్లో నా అనుభవం

2024 అక్టోబర్ 7, రాత్రి పది గంటల వేళ. బతుకమ్మ పండుగ రోజులు. ఫ్లోరిడాలోని టాంపా నుంచి మా అమ్మాయి హన్మకొండకు ఫోన్ చేసి, "బాపూ, మిల్టన్ ఐదో కేటగిరీ అయిందట. ఇల్లు విడిచి పోవాల్నా, ఉండాల్నా?" అని అడిగింది. ఐదో కేటగిరీ అంటే అక్కడి కొలతలో అన్నిటికన్నా తీవ్రమైన తుఫాను. విద్యుత్ శాఖలో ముప్పై ఏళ్లు స్తంభాలూ తీగలూ చూసుకున్నవాణ్ని కాబట్టి గాలి సంగతి నాకు తెలుసుననే అనుకున్నాను. కానీ ఆమె పంపిన, తుఫాను దారి చూపే పటాన్ని గంటసేపు చూసినా, ఆమె అడిగినదానికి జవాబు అందులో ఎక్కడుందో నాకు అంతుపట్టలేదు.

ముందుగా నీటి సంగతి తేల్చుకున్నాం. అక్కడ సముద్రపు ఉప్పెన ముప్పును బట్టి ప్రాంతాలకు ఎ, బి, సి అని అక్షరాలు ఇస్తారు. ఆ రోజు ఎ, బి ప్రాంతాలవారిని ఖాళీ చేయమన్నారు. మా వాళ్ల అపార్ట్‌మెంట్ తీరానికి దూరంగా, ఏ అక్షరమూ లేని చోట, రెండో అంతస్తులో ఉంది. నీటి నుంచి పారిపోవాలి, గాలి నుంచి దాక్కోవాలి అని అక్కడి అధికారులు పదేపదే చెప్పే మాట ప్రకారం వాళ్లు ఇంట్లోనే ఉండవచ్చునని తేలింది. ఇక మిగిలింది గాలి.

అమెరికా తుఫాను హెచ్చరికల కేంద్రం ఇచ్చే బులెటిన్‌లో పెద్ద అక్షరాలతో కనిపించే వేగం మమ్మల్ని ఎక్కువగా భయపెట్టింది. మిల్టన్ గరిష్ఠ వేగం గంటకు 180 మైళ్లకు, అంటే సుమారు 290 కిలోమీటర్లకు చేరింది. అయితే ఆ అంకె తుఫాను కన్ను చుట్టూ ఉండే సన్నని వలయంలో, నేలకు పది మీటర్ల ఎత్తున, ఒక నిమిషం సగటుగా వీచే గాలిది. మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటును చెబుతుంది కాబట్టి, అమెరికా అంకెను మన తుఫానుల అంకెలతో నేరుగా పోల్చకూడదు. పైగా ఆ సగటును మించి క్షణాల పాటు వచ్చే విసుర్లు వేరు. గాలి వేగం రెట్టింపయితే అది గోడ మీద వేసే ఒత్తిడి నాలుగింతలవుతుందని మా ఉద్యోగంలో నేర్చుకున్న లెక్క ఇక్కడ బాగా పనికొచ్చింది. తీరం చేరేలోగా మిల్టన్ బలహీనపడుతుందని వార్తల్లో విని అల్లుడు ఊరట పడ్డాడు. కానీ అదే బులెటిన్‌లో, గరిష్ఠ వేగం తగ్గుతున్న కొద్దీ గాలులు వీచే వైశాల్యం పెరుగుతుందని కూడా రాసి ఉంది. కేంద్రానికి దూరంగా ఉన్న ఇంటికి ఆ రెండో వాక్యమే ముఖ్యం.

పటంలోని తెల్లటి గరాటు ఆకారాన్ని నేనూ మొదట తప్పుగానే చదివాను. గరాటు బయట ఉంటే గాలి తగలదని అనుకున్నాను. నిజానికి అది తుఫాను కేంద్రం ఎటు వెళ్లవచ్చో మాత్రమే చెబుతుంది, అదీ మూడింట రెండు వంతుల సందర్భాల్లో. గాలి ఎంత దూరం వీస్తుందో అందులో ఉండదు. ఈ సంగతి తెలియక, మధ్యగీత టాంపాకు దక్షిణంగా జరగగానే మా వాళ్లు బాల్కనీ సర్దడం ఆపేశారు. ఆ సగం రోజు వృథా అయినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నాకు దారి చూపినవి మరో రెండు పటాలు. 34 నాట్ల గాలి, అంటే గంటకు సుమారు 63 కిలోమీటర్ల వేగం, ఒక చోటికి ఎప్పుడు చేరుతుందో అవి చూపుతాయి. మన దగ్గర వాయుగుండానికి తుఫాను అనే పేరు వచ్చేదీ ఆ వేగంతోనే. ఒక పటం ఎక్కువ అవకాశం ఉన్న సమయాన్ని చెబుతుంది. రెండోది, గాలి అంతకన్నా ముందే రావడానికి పదింట ఒక వంతు అవకాశమే ఉన్న సమయాన్ని చెబుతుంది. బయటి పనులన్నీ ఆ రెండో పటంలోని సమయానికి ముందే ముగించాలి, ఎందుకంటే ఆ గాలి మొదలైతే నిచ్చెన ఎక్కలేము, కారు నడపలేము. బులెటిన్లు మన లెక్కలో పగలూ రాత్రీ రెండున్నరకూ ఎనిమిదిన్నరకూ వచ్చేవి. 8వ తేదీన తెల్లవారుజామున రెండున్నరకు లేచి చదివి, అక్కడి మంగళవారం రాత్రి లోపు అంతా అయిపోవాలని అమ్మాయికి గడువు పెట్టాను.

కుర్చీలు, తులసి కుండీ, బట్టల తాడు కట్టిన ఇనుప స్టాండు లోపలికి వచ్చాయి. అల్లుడు కిటికీ అద్దాలకు టేపు అంటించబోతే వద్దన్నాను. టేపు అద్దాన్ని పగలకుండా ఆపలేదు సరికదా, పగిలితే ముక్కలు ఇంకా పెద్దవిగా వస్తాయి. కారును చెట్ల కింది నుంచి తీశారు. స్నానపు తొట్టి నిండా నీళ్లు పట్టి, కిటికీలు లేని లోపలి గదిలో పరుపు వేసుకున్నారు.

మన గడియారం ప్రకారం 10వ తేదీ ఉదయం ఆరింటికి, మూడో కేటగిరీలో, అప్పటి బులెటిన్ ప్రకారం గంటకు సుమారు 193 కిలోమీటర్ల గాలితో మిల్టన్ సియెస్టా కీ వద్ద తీరం దాటింది. అది టాంపాకు దక్షిణం కాబట్టి అక్కడి అఖాతంలోకి ఉప్పెన రాలేదు, గాలి నీటిని సముద్రంలోకే నెట్టింది. అయినా పక్కనే ఉన్న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గాలి విసుర్లు 160 కిలోమీటర్లు దాటాయి, ట్రోపికానా ఫీల్డ్ స్టేడియం కప్పు చినిగిపోయింది.

అది సద్దుల బతుకమ్మ రోజు. నా భార్య తాంబాలంలో గుమ్మడి ఆకులు పరచి తంగేడు పూలు పేరుస్తూ, వరుస వరుసకూ ఫోన్ వైపు చూస్తోంది. తొమ్మిది దాటాక, "కరెంటు పోయింది, అద్దాలు బాగానే ఉన్నాయి, గాలి తగ్గినట్టుంది, కారు చూసి రానా?" అని అమ్మాయి రాసింది. కేంద్రం దాటినా గాలి దిక్కు మార్చుకుని ఇంకా కొన్ని గంటలు వీస్తుందని, తెల్లారేదాకా తలుపు తీయవద్దని చెప్పాను. ఆమె తీయలేదు. దసరా నాడు మేము జమ్మి పెట్టి వచ్చేసరికి వాళ్లకు కరెంటు వచ్చింది.