మబ్బు కింది గులాబీ రంగు

యుద్ధ విమానానికి గులాబీ రంగు వేశారని మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. కానీ రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన, శత్రు ప్రాంతాలను ఫోటో తీయడానికి పంపిన కొన్ని స్పిట్‌ఫైర్‌లకు నిజంగానే ఆ రంగు వేసింది. ఆ విమానం చిన్న నమూనాకు నేను కలిపిన మొదటి రంగు కళ్లకు కొట్టొచ్చేంత ముదురుగా వచ్చింది. పక్కన తెల్ల కాగితం పెడితే తప్ప గులాబీ అని పోల్చుకోలేనంత వెలిసేవరకు తెలుపు కలుపుతూనే పోయాను.

ఎంతో ఎత్తున ఎగిరే ఫోటో విమానాలకు నీలం వేసేవారు. గులాబీ మాత్రం, మేఘాలకు సరిగ్గా దిగువన ఎగురుతూ పక్కకు తిప్పిన కెమెరాతో చిత్రాలు తీసే వాటికి. తెల్లవారుజామునో సాయంత్రమో మేఘం అడుగున పరుచుకునే లేత ఎరుపు వెలుగులో ఆ విమానం కలిసిపోయేది, పైనుంచి చూసేవారికి మేఘమే అడ్డు. అదే మబ్బు విడిపోతే, పచ్చని పొలాల మీద ఆ రంగు ఎంత దూరానికైనా కనబడుతుంది. మబ్బు లేకపోతే ఈ మాయ పనిచేయదన్నమాట!

పూర్తయిన నమూనాను పైకప్పు దీపం కింద వేలాడదీసినప్పుడు ఒక సంగతి గమనించాను: అంత లేత రంగు పొట్ట కూడా కింది నుంచి బూడిద రంగులో, దాదాపు నల్లగా కనిపించింది. వెలుగు వెనకనుంచి వస్తుంటే ఏ రంగైనా తన నీడలో తానే నల్లబడుతుంది. జలాంతర్గాములను వేటాడే బ్రిటిష్ విమానాలకు 1941 నుంచి అడుగుభాగం తెల్లగా వేయడానికి కారణం ఇదే. అంతకుముందు వాటికున్న, రాత్రి బాంబర్ల తరహా నల్ల పొట్ట అట్లాంటిక్ మీది మబ్బు పట్టిన ఆకాశంలో మరకలా కనబడేది.

తెలుపూ చాలదని తేల్చుకున్న అమెరికా నౌకాదళం 1943లో మొదలుపెట్టిన ప్రయోగమే నాకు అన్నిటికంటే నచ్చింది. అవెంజర్ విమానం రెక్కల ముందు అంచున దీపాలు అమర్చి, వాటి కాంతిని వెనకనున్న ఆకాశపు వెలుగుతో సమానంగా సర్దారు. దీపాలు లేనప్పుడు సుమారు 19 కిలోమీటర్ల దూరంలోనే కంటపడే విమానం, అవి వెలిగించాక మూడు కిలోమీటర్ల లోపుకు వచ్చేదాకా కనిపించలేదు. దాగడానికి దీపం వెలిగించుకున్న ఆ విమానం మాత్రం యుద్ధంలోకి దిగనేలేదు.