దాక్కున్న ఆప్షన్ దొరికింది

రెండు రాత్రులు పట్టింది కానీ, ఇవాళ మూడు సర్వర్లూ ఒకే డిస్క్‌ను కలిసి మౌంట్ చేశాయి, అంటే వాడకానికి తమకు తగిలించుకున్నాయి. ఎంత సంతోషంగా ఉందో!

దీనికి వాడింది జీఎఫ్‌ఎస్2, చాలా సర్వర్లు ఒకే డిస్క్‌ను ఒకేసారి వాడుకోనిచ్చే ఫైల్ సిస్టమ్. అది లినక్స్ కెర్నల్‌లోకి (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలోకి) 2006లోనే, 2.6.19 వెర్షన్‌తో వచ్చింది. కెర్నల్‌లో ఏమేం ఉండాలో ఎంచుకునే మెనూ, మెనూకాన్ఫిగ్‌లో ఆన్ చేస్తే చాలనుకున్నాను. కంపైల్ అయింది, బూట్ అయింది, మౌంట్ మాత్రం కాలేదు. డీఎల్‌ఎం (సర్వర్లన్నిటి మధ్య లాకులు నడిపే భాగం) లాకింగ్ ఆప్షన్ మెనూలో అసలు కనిపించనే లేదు. ఒక సర్వర్ రాస్తుండగా ఇంకోటి అదే బ్లాక్ మీద చెయ్యి వేయకుండా ఆపేది ఆ లాకే. అది లేకపోతే డేటా గల్లంతే, అందుకే అంత టెన్షన్.

చివరికి ఏ ఆప్షన్ ఎప్పుడు మెనూలో కనిపించాలో రాసి ఉండే కెకాన్ఫిగ్ ఫైల్ తెరిచి లైను లైనూ చదివాను. జీఎఫ్‌ఎస్2కి 'వై' పెట్టి కెర్నల్‌లోనే కలిపేశాను, డీఎల్‌ఎంకి 'ఎం' పెట్టి మాడ్యూల్‌గా, అంటే తర్వాత విడిగా లోడ్ అయ్యే ముక్కగా వదిలేశాను. అలా ఉంటే ఆ ఆప్షన్ దాక్కుంటుంది. రెండింటికీ 'ఎం' పెట్టగానే ప్రత్యక్షమైంది.

ఇందాకే ఒక సర్వర్‌లో ఫైల్ రాసి, పక్కదాంట్లో చూశాను. ఉంది!