తొమ్మిది మజిలీలను నాలుగు చేసుకున్నాము

రెండేళ్ల క్రితం తమిళనాడు యాత్రకు వెళ్లినప్పుడు, ఎనిమిది రోజుల్లో తొమ్మిది ఊళ్లు చూసి రావాలని పథకం వేసింది నేనే. ఏడో రోజున రామేశ్వరం చేరేసరికి అమ్మ మోకాళ్లు వాచిపోయాయి. ఇరవై రెండు తీర్థాల స్నానం కోసమే ఆమె ఆ యాత్రకు ఒప్పుకుంది. నాలుగో తీర్థం దగ్గర తడిచీరతోనే రాతి అరుగు మీద కూర్చుండిపోయి, "మీరు వెళ్లి రండి, నేనిక్కడే ఉంటాను" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మరునాడు ధనుష్కోటిలో పిల్లలు సముద్రం వైపు చూపించి, ఆ పక్కనే లంక ఉందని చెప్పినప్పుడు, "సీతమ్మవారు ఉన్న చోటు ఒక్కసారి చూపించరా, మరేమీ అడగను" అంది. అందుకే మూడు నెలలుగా విజయనగరంలోని మా ఇంటి హాలు గోడ మీద శ్రీలంక పటం అంటించి ఉంది.

మేము వెళ్లవలసినవాళ్లం ఆరుగురం: అమ్మ, నాన్నగారు, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. మొదట రాసుకున్న జాబితాలో నెగొంబో, అనురాధపురం, సిగిరియా, ట్రింకోమలీ, క్యాండీ, నువర ఎలియా, ఎల్లా, యాల, గాలే అని తొమ్మిది పేర్లు ఉన్నాయి. దేశం విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లే, అంటే మన రాష్ట్రంలో సగం కూడా లేదు కదా అన్న ధైర్యంతో రాసిన జాబితా అది. తీరా చూస్తే క్యాండీ నుంచి నువర ఎలియాకు దూరం 77 కిలోమీటర్లే అయినా ప్రయాణానికి మూడు గంటలు కేటాయించుకోవాలి. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. కొండదారిలో లెక్కపెట్టవలసినవి మలుపులు. అందువల్ల పటం మీద కిలోమీటర్లన్నీ కొట్టివేసి, ప్రతి గీత పక్కన గంటలు రాసుకున్నాము. ఒక రోజున నాలుగు గంటలకు మించి వ్యానులో కూర్చోకూడదనీ, ఒకే ఒక్క రాత్రి కోసం ఏ ఊళ్లోనూ పెట్టెలు విప్పకూడదనీ రెండు నియమాలు పెట్టుకున్నాము. విమానం కోసం ఆగే నెగొంబోలో రెండో నియమాన్నీ, తిరుగు ప్రయాణం నాడు మొదటి నియమాన్నీ సడలించక తప్పలేదు.

ఏ నెలలో వెళ్లాలన్నది అంతకంటే పెద్ద చర్చ అయింది. ఆ ద్వీపానికి రెండు రుతుపవనాలు ఉన్నాయి. మే చివర నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు కొలంబో, గాలే వైపునూ పడమటి కొండలనూ తడుపుతాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాలు తూర్పు, ఉత్తర భాగాలను తడుపుతాయి. నడుమ అక్టోబరు, నవంబరు నెలల్లో ద్వీపం అంతటా వానలు పడతాయి. దసరా సెలవుల్లో వెళ్దామని పిల్లలు అన్నారు కానీ, దసరా తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉండగా అమ్మ ఊరు కదలదు. సంక్రాంతికి ఇల్లు తాళం వేయడం మా ఇంట ఎప్పుడూ లేదు. ఇక మిగిలింది వేసవి. ఏప్రిల్ 13, 14 తేదీల్లో సింహళ, తమిళ ఉగాది వస్తుంది, ఆ వారం దుకాణాలు మూసి ఉంటాయి, బస్సులూ రైళ్లూ కిటకిటలాడతాయి. అందుకని ఏప్రిల్ చివరి వారంలో బయలుదేరి, ఆవకాయ పెట్టే వేళకు ఇల్లు చేరాలని తీర్మానించాము. ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట ఉరుములతో వాన పడుతుంది కనుక చూడవలసినవన్నీ ఉదయమే చూసుకోవాలి. తూర్పు సముద్రం అప్పటికి నెమ్మదిస్తుంది. దక్షిణ తీరపు గాలే, దానితోపాటు యాల, ఎల్లా మూడూ జాబితా నుంచి ఈ విధంగానే తొలగిపోయాయి. ఎల్లా పోయినందుకు, అంటే 1921లో కట్టిన తొమ్మిది కమానుల రైలు వంతెన చూడలేకపోతున్నందుకు మా అబ్బాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

చివరికి నిలిచిన మజిలీలు నాలుగు. దిగిన రోజు నెగొంబోలో ఒక రాత్రి, తరువాత హబరణలో మూడు రాత్రులు, క్యాండీలో మూడు, నువర ఎలియాలో రెండు, తిరుగు విమానానికి ముందు మళ్లీ నెగొంబోలో ఒకటి. విమానాశ్రయం కటునాయకెలో ఉంది, అక్కడికి నెగొంబోయే దగ్గర కనుక కొలంబో నగరంలోకి వెళ్లే పనే లేదు. హబరణలో గది తీసుకుంటే సిగిరియా, పూర్వపు రాజధాని పొలన్నరువ రెండూ గంట, గంటన్నర లోపే. ట్రింకోమలీలో సముద్రపు కొండకొమ్మున ఉన్న కోణేశ్వరాలయానికి పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. సిగిరియా శిల ఎక్కడానికి సుమారు 1,200 మెట్లు ఉన్నాయి. మేమిద్దరం పిల్లలతో పైకి వెళ్లి వచ్చేదాకా అమ్మా నాన్నగారూ కింద, ఆ శిల మీద కోట కట్టించిన కశ్యప రాజు కాలపు ఉద్యానవనాల్లో నీడపట్టున కూర్చుంటారు. పొలన్నరువ మాత్రం చదునైన నేల, ఒక్కొక్క కట్టడం దాకా వాహనం వెళుతుంది. అయితే పవిత్ర స్థలాల్లో చెప్పులు, టోపీ తీసివేయాలి, ఎండకు రాతి పలకలు కాలిపోతుంటాయి. ఆరుగురికీ మందపాటి మేజోళ్లు కొన్నాను.

మొదటి జాబితాలో లేని పొలన్నరువను చేర్చింది నాన్నగారు. 12వ శతాబ్దం చివర అక్కడ ఏలిన నిశ్శంకమల్లుడు తాను కళింగంలోని సింహపురంలో పుట్టానని శాసనాల్లో చెప్పుకున్నాడు. ఆ సింహపురం శ్రీకాకుళం దగ్గరి సింగుపురమేనని చరిత్రకారులు పలువురు అంటారు. మా నాన్నమ్మ పుట్టిల్లు సింగుపురం. నిశ్శంకమల్లుడు చెక్కించిన గల్‌పోత, అంటే రాతిపుస్తకం, దాదాపు 8 మీటర్ల పొడవున అక్కడే ఉంది. దాని ముందు నిలబడి ఒక ఫొటో తీయించుకోవాలని నాన్నగారు ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నారు.

క్యాండీకి మూడు రాత్రులు ఇవ్వడానికీ అటువంటి కారణమే ఉంది. దళద మాళిగావలో పూజలందుకునే బుద్ధుని దంతధాతువును, అంటే ఆయన పవిత్ర దంతాన్ని, 4వ శతాబ్దంలో కళింగ రాజకుమార్తె హేమమాల తన జడలో దాచి, భర్త దంతకుమారుడితో కలిసి సముద్రం దాటించిందని సంప్రదాయం. ఆ ధాతువు అంతకుముందు ఉన్న దంతపురం ఎక్కడిదన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు గానీ, సరుబుజ్జిలి మండలంలోని దంతవక్త్రుని కోటే ఆ దంతపురమన్న వాదన బలంగా ఉంది. మట్టికోట గట్ల మీద మేము పిల్లలను నడిపించిన ఊరు అది. పైగా క్యాండీని 1739 నుంచి 1815 వరకు ఏలినవారు మదుర నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్నవారు. గుడి ఎదుట చెరువును 1807లో తవ్వించినది వారిలో చివరివాడైన శ్రీవిక్రమ రాజసింహుడు. గుడిలో ఉదయం 5:30కు, 9:30కు, సాయంత్రం 6:30కు పూజలు జరుగుతాయి, ఆ సమయాల్లోనే పై అంతస్తులోని గది తలుపులు తీస్తారు. దంతం కనబడదు, దానిని ఉంచిన బంగారు పేటికే దర్శనమిస్తుంది. సాయంత్రం రద్దీ ఎక్కువ కనుక అమ్మను తెల్లవారుజాము పూజకు తీసుకువెళ్తాము. ఒకవేళ ఆనాడు ఆమెకు ఓపిక లేకపోతే మరునాడు ఉంది, ఆ మరునాడూ ఉంది. మూడు రాత్రులు ఉంచుకోవడం అందుకే.

భోజనం విషయంలో ఒక్క జాగ్రత్త చెప్పాలి. అక్కడి కొబ్బరి సంబోల్ మన కొబ్బరి పచ్చడిలాగే కనిపిస్తుంది గానీ, దానిలో తరచుగా ఉంబలకడ అనే ఎండుచేప పొడి కలుపుతారు. శాకాహారులు ముందే అడిగి తెలుసుకోవాలి. ప్రతినెలా పౌర్ణమి నాడు పోయ అనే బౌద్ధుల సెలవు, గుళ్లు జనంతో నిండిపోతాయి కనుక క్యాండీ తేదీలను దానికి తగలకుండా చూసుకున్నాము. మన దేశంతో సహా సార్క్ కూటమి దేశాలవారికి సిగిరియా రుసుములో తగ్గింపు ఉంది, పాస్‌పోర్టు చూపించాలి. పాస్‌పోర్టు గడువు ప్రయాణం నాటికి ఆరు నెలలైనా మిగిలి ఉండాలి. నాన్నగారిదానికి అయిదు నెలలే మిగిలాయని జనవరిలో గమనించి, విశాఖపట్నం వెళ్లి కొత్తది తీసుకున్నాము.

నువర ఎలియా 1,868 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రులు చలిగా ఉంటాయి. అక్కడి నుంచి హక్‌గల వెళ్లే దారిలో సీతా ఎలియ అనే చోట వాగు ఒడ్డున సీతమ్మవారి గుడి ఉంది. ఊరికి అయిదారు కిలోమీటర్లే. ఆ రోజున మరే కార్యక్రమమూ పెట్టలేదు. క్యాండీ గుడికి తెల్లని దుస్తులు శ్రేష్ఠమని చెప్పినప్పటి నుంచి అమ్మ బట్టల సంగతి తానే చూసుకుంటోంది. నాన్నగారికి పొందూరు పంచె, తనకు ఎర్ర అంచున్న పొందూరు చీర తెప్పించింది. నిన్న సంచీలో చూస్తే అటువంటిదే మరొక చీర, మడత విప్పకుండా, పసుపు రాసి విడిగా కట్టి ఉంది. అది సీతమ్మవారికట.