ఇంజన్ మార్చిన మారుతి 800 హీటెక్కుతుంటే ఎక్కడ వెతకాలి

796 సీసీ ఇంజన్ దింపి మారుతి ఎస్టీమ్ కారు 1298 సీసీ ఇంజన్ ఎక్కించిన పాత 800 హీటెక్కిందంటే, షెడ్డులో ముందు వినపడే మాట "పెద్ద రేడియేటర్ వేసేద్దాం అన్నా". కావచ్చు. కానీ డబ్బు తీసే ముందు చూడాల్సింది హీట్ ఎప్పుడెక్కుతోందన్నది.

అసలు హీటెక్కుతోందా అన్నది ఇంకా ముందు మాట. 800 మీటర్‌కి ఎస్టీమ్ సెన్సర్ తగిలిస్తే ముల్లు అబద్ధం చెప్పొచ్చు. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు లేచిందంటే అది ఎర్త్ గోల. థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వ్) హౌసింగ్ మీద నల్ల టేపు ముక్క అంటించి ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలవండి. మెరిసే అల్యూమినియం మీద నేరుగా కొలిస్తే తక్కువ చూపిస్తుంది.

ట్రాఫిక్‌లో ఎక్కి, రోడ్డెక్కగానే దిగిపోతే లోపం గాలిది. ఫ్యాన్ తిరుగుతుండగా గ్రిల్‌కి కాగితం పెట్టండి, అతుక్కోవాలి. ఎగిరిపోతే ఫ్యాన్ ప్లస్ మైనస్ తారుమారయ్యాయి. ఇంజన్ ఆన్‌లో ఫ్యాన్ కనెక్టర్ దగ్గర 13 వోల్టులకు పైనే రావాలి. 11.5 వస్తుంటే వైరు సన్నం, లేదా ఎర్త్ బాలేదు. 30 ఆంపియర్ల రిలే పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజ్‌తో లావు వైరు లాగండి. ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) పీకేసిన బండిలో ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా ఆ వృత్తం మేరకే గాలి లాగుతుంది. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) ఉన్న ఇంజనైతే వ్యాక్యూమ్ పైపు ఊడిందేమో కూడా చూడండి. కొన్ని సెట్టింగుల్లో అదొక్కటే ఐడ్లింగ్‌లో వేడి పెంచుతుంది.

హైవేలో ఎక్కితే లోపం నీళ్ళ పారుదలది. బోరు నీళ్ళు పోసిన రేడియేటర్‌లో సున్నం పేరుకుంటుంది. గన్‌తో రేడియేటర్ కోర్ (గొట్టాల జాలీ) అంతా కొలుస్తూ పోతే పూడిన గొట్టాలు చల్లగా తేలతాయి. రేస్ పెంచినప్పుడు కింది హోస్ నొక్కుకుపోతుంటే లోపల స్ప్రింగ్ లేదన్నమాట, లేదా రబ్బరు మెత్తబడింది. ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ వేసి కార్బురేటర్ జెట్లు అలాగే వదిలేస్తే మిక్స్చర్ లీన్ అవుతుంది (గాలికి తగ్గ పెట్రోలు అందదు), ప్లగ్గులు తెల్లగా కనిపిస్తాయి.

ఇంజన్ మార్చిన బండ్లలో ఎవరూ చూడనిది రేడియేటర్ మూత ఎత్తు. ఇంజన్ హెడ్ (పైభాగం) కంటే మూత కిందుంటే గాలి థర్మోస్టాట్ దగ్గరే ఇరుక్కుంటుంది, ఎంత కూలెంట్ పోసినా పోదు. పై హోస్‌లో అన్నింటికన్నా ఎత్తైన చోట ఫిల్లర్ నెక్ వేయించి, ప్రెషర్ మూత అక్కడికి మార్చి, కిందిదానికి ప్రెషర్ వాల్వ్ లేని, గట్టిగా మూసుకునే మూత బిగించండి. నింపేటప్పుడు ముందు చక్రాలు ర్యాంప్ ఎక్కించి, హీటర్ పూర్తిగా తెరవండి. మూత 0.9 బార్‌దైతే నీళ్ళు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. దాని రబ్బరు పగిలితే ఆ లాభం పోతుంది.

థర్మోస్టాట్ మాత్రం పీకి పారేయకండి. గిన్నెలో నీళ్ళు కాచి అందులో వేలాడదీయండి. 82 డిగ్రీలదైతే అక్కడ కదలడం మొదలై, 95కి పూర్తిగా తెరుచుకోవాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాల్లోనే హోస్ రాయిలా గట్టిపడుతుంటే, మూత దగ్గర బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ పోయింది. హెడ్ దింపాక స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి చూడండి. 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ రేకు ఎక్కడైనా దూరితే ఫేసింగ్ (హెడ్ ముఖం చదును) చేయించకుండా కొత్త గాస్కెట్ వేయొద్దు.