రిలీవింగ్ లెటర్ వచ్చింది

నిన్న రాత్రి ఎనిమిదిన్నరకి మా దగ్గర కొత్తగా చేరబోయే ప్రొఫెసర్ గారు ఫోన్ చేశారు. "మేడం, ఇక్కడి ఉద్యోగం నుంచి వదిలేస్తూ రిలీవింగ్ లెటర్ చేతికొచ్చింది. జూన్ మొదటి వారంలో వైజాగ్ వచ్చేస్తాం" అన్నారు. ఫోన్ పెట్టేశాక కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇంటర్నేషనల్ బిజినెస్ అండ్ స్ట్రాటజీలో ఒక్క అసోసియేట్ ప్రొఫెసర్‌ని తెచ్చుకోవడానికి మాకు ఏడాదిన్నర పట్టింది.

మాది ఒక ప్రైవేటు యూనివర్సిటీలోని మేనేజ్‌మెంట్ స్కూలు. ఈ సబ్జెక్టు చెప్పే సార్ రిటైరయ్యాక రెండు సెమిస్టర్లు గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొచ్చాం. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం ఈ పోస్టుకి పీహెచ్‌డీ, 8 ఏళ్ల అనుభవం, అచ్చయిన పరిశోధన పేపర్లు కనీసం 7, 75 రీసెర్చ్ స్కోరు ఉండాలి. అవన్నీ ఉన్నవాళ్లు చాలామందే దొరుకుతారు. చిక్కంతా పోస్టు పేరులోనే ఉంది. మన దగ్గర చాలా చోట్ల ఇంటర్నేషనల్ బిజినెస్ అంటే ఎగుమతి కాగితాల పాఠమే: ఎల్‌సీ (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ), బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో సరుకెక్కిందనే రసీదు), ఇన్‌కోటర్మ్స్ (రవాణా ఖర్చు, బాధ్యత ఎవరివో చెప్పే షరతులు). అది చెప్పేవాళ్లు స్ట్రాటజీ, అంటే కంపెనీ పోటీలో ఎలా నెగ్గాలన్న విషయం, జోలికి వెళ్లరు. స్ట్రాటజీ వాళ్లేమో పోటీ గురించి గంటలు చెబుతారు గానీ, సరిహద్దు దాటగానే ఆ పోటీలో ఏం మారుతుందని అడిగితే తడబడతారు. మాకు రెండూ తెలిసిన మనిషి కావాలి.

అలాంటి మనిషిని గత ఏడాది చేజార్చుకున్నాం. బ్రిటన్‌లో పదకొండేళ్లు పనిచేసి, అమ్మానాన్నల కోసం తిరిగి రావాలనుకున్న గుంటూరు ఆయన. ఇంటర్వ్యూ బాగా జరిగింది. ఆ తర్వాత నాలుగు నెలలు మా నుంచి ఆయనకి ఒక్క మాట వెళ్లలేదు. ఫైలు బల్లల మీద తిరుగుతూనే ఉంది. ఆయన రెండు మెయిల్స్ పెట్టారు, మూడోది పెట్టలేదు. ఏరియా చైర్‌ని, అంటే ఈ సబ్జెక్టు విభాగం బాధ్యురాలిని, నేను. "ఆలస్యమవుతోంది సార్, కాస్త ఆగండి" అని ఫోన్ చేయాల్సింది నేనే. చేయలేదు. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈసారి వచ్చినావిడది అనంతపురం. పుణెలో పన్నెండేళ్ల సర్వీసు. డెమో క్లాసులో పవర్‌పాయింట్ తెరవకుండా బోర్డు మీద 480 అని రాశారు. 2006లో డాక్టర్ రెడ్డీస్ జర్మనీలో బీటాఫార్మ్‌ని కొనడానికి పెట్టింది 480 మిలియన్ యూరోలు. "మీరైతే కొంటారా?" అని అడిగితే చాలా చేతులు లేచాయి. జర్మనీ పెద్ద మార్కెట్, బీటాఫార్మ్ అక్కడి జెనరిక్ (పేటెంటు గడువు తీరిన మందులు అమ్మే) కంపెనీల్లో నాలుగోది. ఎందుకు కొనరు?

"సరే, అక్కడ ఏ కంపెనీ మాత్ర ఇవ్వాలో ఎవరు తేలుస్తారు?" అన్నారు. క్లాసు కాసేపు ఆలోచించింది. అప్పటిదాకా అది డాక్టర్లు, మందుల షాపుల చేతిలో ఉండేది, వాళ్ల దగ్గర బీటాఫార్మ్‌కి మంచి పేరుంది. తర్వాత చట్టాలు మారాయి. ఆరోగ్య బీమా సంస్థలు టెండర్లు పిలిచి, తక్కువకిచ్చేవాళ్ల మందునే తీసుకోవడం మొదలుపెట్టాయి. డబ్బు పోసి కొన్న ఆ మంచి పేరుకి విలువ తగ్గిపోయింది, కంపెనీ ఆ పెట్టుబడిని పద్దుల్లో భారీగా కోసుకోవాల్సి వచ్చింది. వెనక బెంచీ కుర్రాడు లేచి, "అయితే కొనడం తప్పేనా మేడం?" అన్నాడు. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. "2006 మొదట్లో కూర్చుని చెప్పు బాబూ. అప్పటికి నీకేం తెలుసు?" అన్నారు. కంపెనీలు దగ్గరి దేశాలతో మొదలుపెట్టి, నేర్చుకుంటూ దూరం వెళ్తాయని జొహాన్సన్, వాహ్ల్నే 1977లో చెప్పిన ఉప్సాలా మోడల్‌ని అక్కడి నుంచి ఎత్తుకున్నారు. కొనుగోలంటే ఆ మెట్లన్నీ ఒక్కసారే ఎక్కేయాలని చూడటం అని పిల్లల చేతే చెప్పించారు. గంట మోగినా ఎవరూ లేవలేదు.

కమిటీలో మాత్రం పేచీ వచ్చింది. మేనేజ్‌మెంట్ జర్నళ్లకి ర్యాంకులిచ్చే ఏబీడీసీ లిస్టులో అన్నిటికంటే పై ర్యాంకైన ఏ-స్టార్ జర్నల్ పేపరు ఒక్కటీ లేదని ఒక ఎక్స్‌పర్ట్ అన్నారు. నిజమే, లేదు. కానీ ఆవిడ మూడేళ్లుగా భీమవరం, కాకినాడ రొయ్యల ఎగుమతిదారుల దగ్గర కూర్చుని వివరాలు సేకరిస్తున్నారు. 2005 నుంచీ అమెరికా యాంటీ డంపింగ్ సుంకం (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేది) వాళ్ల మీద ఉంది, 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా వేసిన అదనపు సుంకం 50 శాతానికి వెళ్లింది. చిన్న ఎగుమతిదారు ఇలాంటి దెబ్బకి ఎటు తిరుగుతాడన్నది ఆవిడ ప్రశ్న. నలభై మూడేళ్ల మనిషిని తీసుకునేటప్పుడు వెనకటి పేపర్లు లెక్కపెట్టి ఊరుకోకూడదు, ముందున్న ఇరవై ఏళ్లు ఏం చేయబోతున్నారో చూడాలి అని గట్టిగానే వాదించాను. గొంతు కాస్త పెరిగింది కూడా.

ఆ మధ్యాహ్నం ఆవిడని భోజనానికి తీసుకెళ్లాను. జీతం సంగతి తర్వాత, ముందు మీకు ఏం అడ్డొస్తుందో చెప్పండన్నాను. అబ్బాయి తొమ్మిదో తరగతి. సీబీఎస్‌ఈలో పేరు రిజిస్టరయ్యాక పదికి బడి మార్చడం తేలిక కాదు. భర్తది బ్యాంకు ఉద్యోగం, ట్రాన్స్‌ఫర్ కావాలి. ఇక్కడ మొదటి ఏడాది ఎన్ని కోర్సులుంటాయని అడిగారు. నాలుగు అని ఉన్నదున్నట్టు చెప్పాను, మూడుకి తగ్గించేలా చూస్తానన్నాను. డీన్ గారితో మాట్లాడి అదే మాట ఆఫర్ లెటర్‌లో రాయించాను. ఇంటర్వ్యూ అయిన తొమ్మిదో రోజుకి లెటర్ వెళ్లింది. బడి కోసం మా అడ్మిషన్ల క్లర్కు రెండు స్కూళ్లు తిరిగి సీబీఎస్‌ఈ అనుమతికి కాగితాలు పెట్టించాడు. అతనికి చాలా రుణపడి ఉన్నాను.

ఇంటర్వ్యూకి వచ్చి ఎంపిక కానివాళ్లు నలుగురున్నారు. వాళ్లలో ఒకాయన రాయపూర్ నుంచి రైల్లో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చారు. ఎందుకు తీసుకోలేదో, వాళ్ల పనిలో నాకు ఏది నచ్చిందో ఒక్కొక్కరికీ విడిగా రాస్తున్నాను. రెండు ఉత్తరాలు వెళ్లాయి. మిగతా రెండూ ఈ రాత్రికి పూర్తి చేయాలి.